డోన్ మెట్ట పొలాల్లో ప్రకృతి సేద్యం: మొదలుపెట్టింది సర్కారు, నిలబెట్టాల్సింది ఊరు

వేసవిలో డోన్ నుంచి ప్యాపిలి వైపో, కృష్ణగిరి వైపో బస్సులో పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా ఎర్రటి ఖాళీ నేల కనిపిస్తుంది. వేరుశనగ పీకేశాక, కంది కోసేశాక మళ్ళీ తొలకరి వచ్చేదాకా ఆ నేల మీద పచ్చటి ఆకు ఉండదు. ఎండకు నేల కాగుతుంది, గాలికి పై మట్టి లేచిపోతుంది, మొదటి గట్టి వానకు మిగిలింది కొట్టుకుపోతుంది. ఏటా ఇదే తంతు.

ఆ నేలను వేసవిలోనే విత్తాలి, ఏడాది పొడుగునా ఏదో ఒక పచ్చదనం కప్పి ఉంచాలి అంటోంది రాష్ట్ర ప్రభుత్వ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం. వినడానికి బాగానే ఉంది. మరి ఊరంతా ఎండిపోయి ఉన్న వేసవిలో ఒక్క రైతు పొలంలో పచ్చగా మొలిస్తే ఊళ్ళోని పశువులు, గొర్రెల మందలు ఊరుకుంటాయా? రెండు రోజుల్లో నాకేస్తాయి. కాబట్టి ఈ సేద్యం చేయాలంటే ఒక్క రైతు నిర్ణయం చాలదు, ఊరు నిర్ణయించాలి. ప్రకృతి సేద్యం గురించి వచ్చే వార్తల్లో కషాయాల పేర్లు, అవార్డుల ఫొటోలు చాలానే ఉంటాయి కానీ ఈ సంగతి మాత్రం తక్కువగా వినిపిస్తుంది. డోన్ లాంటి చోట గెలుపోటములు తేలేది ఇక్కడే.

ఎక్కడి నుంచి వచ్చింది ఈ కార్యక్రమం?

ఇది ఒక్క రోజులో పుట్టింది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) మహిళా పొదుపు సంఘాల ద్వారా పురుగు మందులు లేని సేద్యాన్ని ప్రచారం చేసింది. దానికి ముందే ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం పురుగు మందులను పూర్తిగా మానేసి దారి చూపింది. 2006 నాటికి ఇప్పటి జనగామ జిల్లాలోని ఎనబావి ఊరు ఊరంతా రసాయనాలు వదిలేశామని ప్రకటించుకుంది.

పొదుపు సంఘాల కథలో మన కర్నూలుది పెద్ద వాటా. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కింద పేదరిక నిర్మూలన ప్రయోగం జరిగిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. కర్నూలు, నంద్యాల మధ్య రోడ్డు మీద ఉన్న ఓర్వకల్లులో పొదుపులక్ష్మి ఐక్య సంఘం అప్పుడు నిలబడిందే. అక్షరం రాని ఆడవాళ్ళు లక్షల రూపాయల లెక్కలు చూసుకునే స్థాయికి వచ్చారు. తర్వాత రాష్ట్రమంతా విస్తరించిన సంఘాలకు అది నమూనా అయింది.

రాష్ట్ర విభజన తర్వాత రైతు సాధికార సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ ద్వారా 2016 నుంచి ఇదే దారిలో ప్రకృతి వ్యవసాయం ఊళ్ళలోకి వచ్చింది. మొదట్లో మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్ చెప్పిన 'జీరో బడ్జెట్' పేరుతో నడిచింది. తర్వాత 'ఆంధ్రప్రదేశ్ ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయం' అయింది. ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో ఏపీసీఎన్ఎఫ్. పేరు మారడం మంచిదే. పెట్టుబడి సున్నా అనే మాట రైతును ఆకర్షిస్తుంది గానీ అది నిజం కాదు. కూలి, విత్తనం, బెల్లం, పప్పు పిండి, పేడ మోసుకొచ్చే శ్రమ ఇవన్నీ పెట్టుబడే.

2018 జూన్‌లో అప్పటి ప్రభుత్వం 2024 నాటికి 60 లక్షల మంది రైతులను, 80 లక్షల హెక్టార్లను ఈ దారిలోకి తెస్తామని ప్రకటించింది. ఆ గడువు దాటిపోయింది, లక్ష్యం అందలేదు. 2024 జూలైలో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి ఈ కార్యక్రమానికి వచ్చింది. 10 లక్షల యూరోల బహుమతిని మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టుకు చెందిన సెకెం సంస్థతో కలిసి పంచుకున్నారు. అప్పుడు చెప్పిన లెక్క 10 లక్షల మందికి పైగా చిన్న రైతులు, అందులో ఎక్కువ మంది మహిళలు. 60 లక్షల కలతో పోలిస్తే ఇది చిన్నదే. కానీ ప్రభుత్వాలు మారినా ఆగకుండా నడిచిన వ్యవసాయ కార్యక్రమాలు మన రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయి చెప్పండి? ఆ లెక్కన చూస్తే దీన్ని తీసిపారేయలేం. 2024 నవంబర్‌లో కేంద్ర క్యాబినెట్ కూడా రూ.2,481 కోట్లతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. దేశంలో కోటి మంది రైతులను చేరాలన్నది దాని లక్ష్యం. మళ్ళీ లక్ష్యమే!

ఈ నేల ఎందుకిలా అయింది

డోన్ చుట్టుపక్కల పెద్దవాళ్ళను అడిగితే జొన్న, కొర్ర, సజ్జ, ఆముదం, కంది, అనుములు, అలసందల పేర్లు గడగడా చెబుతారు. ఒకే పొలంలో నాలుగైదు పంటలు సాళ్ళు సాళ్ళుగా వేసేవాళ్ళు. ఒకటి పోయినా ఇంకొకటి ఇంటికి వచ్చేది. ధాత కరువు (1876-78) చూసిన నేల ఇది. కరువుకు లెక్కగట్టి సేద్యం చేయడం ఇక్కడివాళ్ళకు తాతల నాటి విద్య.

1983 తర్వాత రెండు రూపాయల కిలో బియ్యం ఇంటింటికీ వచ్చింది. పేదవాడి కడుపు నిండింది, అందులో అనుమానం లేదు. అయితే దాంతోపాటు జొన్న, కొర్ర తినేవాళ్ళు తగ్గారు, పండించేవాళ్ళూ తగ్గారు. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ వచ్చింది. వేరుశనగకు, మన మాటలో బుడ్డలకు, ధర పలికింది. రాయలసీమ మెట్టంతా ఒకే పంట అయింది. తర్వాత 1990ల మధ్య నుంచి వంటనూనె దిగుమతులకు తలుపులు తెరిచారు, ధర పడింది. రైతు మాత్రం అదే పంటలో ఇరుక్కుపోయాడు.

బుడ్డల సేద్యంలో అన్నిటికంటే బరువు విత్తనం. ఎకరాకు 60 కిలోల పైనే గింజలు కావాలి. వాన పడిందని అప్పు చేసి విత్తనం నేలలో పోస్తాడు. తర్వాత 30 రోజులు చినుకు రాకపోతే ఆ అప్పు నేలలోనే ఉండిపోతుంది. 2023 ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. అందులో ఎక్కువ భాగం రాయలసీమవే. ఊళ్ళకు ఊళ్ళు గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు, హైదరాబాదు కూలి పనులకు పోయే 'సుగ్గి' వలసల వెనక ఉన్నది ఈ అప్పే.

అందుకే వేసవి విత్తనం మాట ఇక్కడ చర్చించదగ్గది. జొన్న, సజ్జ, కంది, అలసంద, పెసర, ఉలవ, ఆముదం, నువ్వులు, ఆకుకూరలు లాంటి పదీ పదిహేను రకాల గింజలను కలుపుతారు. వాటికి బంకమట్టి, ఘన జీవామృతం, బూడిద పూతగా పట్టించి ఎండు నేలలోనే చల్లుతారు. పూత వల్ల గింజను చీమ, పిట్ట తీసుకుపోవు. చిన్న వానకే మొలుస్తుంది. అది పశువులకు మేత అవుతుంది, లేదంటే నేలకే పచ్చిరొట్ట ఎరువు అవుతుంది. ఖరీఫ్ పంట వేసేనాటికి నేల గుల్లగా, తేమగా ఉంటుంది. రైతు పెట్టుబడి వానకు ముందే పెద్దగా ఇరుక్కోదు. బుడ్డల జూదంతో పోలిస్తే ఇందులో పోయేది తక్కువ.

మందలు, పేడ, ఊరి మాట

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పంట కోతలయ్యాక పొలాలన్నీ అందరి పశువులకూ మేత బీళ్ళే అన్నది ఊరి పాత ఆచారం. సొంత భూమి లేనివాడి మేకలు, గొర్రెలు బతికేది దాని మీదే. వేసవిలో పొలాలన్నీ విత్తి పశువులు రావద్దంటే ఆ పేదవాడి జీవాలు ఏం తినాలి? కాబట్టి ఇది కంచె వేసుకుంటే తీరే సమస్య కాదు. ఏ వైపు పొలాలు విత్తాలి, ఏ వైపు మేతకు వదలాలి, మొలిచిన మేతలో జీవాలవాళ్ళకు వాటా ఎంత, ఇవన్నీ ఊరు కూర్చుని మాట్లాడుకోవాలి.

మాట్లాడుకుంటే అందరికీ లాభమే. గొర్రెల మందను రాత్రిళ్ళు పొలంలో ఆపించుకుని ఎరువు చేసుకోవడం, అదే మంద కట్టించడం, రాయలసీమకు కొత్త కాదు. మందవాళ్ళకు గింజలో, డబ్బులో ఇచ్చి పిలిపించుకునేవాళ్ళు. చెరువు మట్టి తోలుకోవడం, దిబ్బ ఎరువు వేసుకోవడం కూడా అంతే. జీవామృతం కొత్త మాటే కావచ్చు, మందకట్టు మాత్రం మన సొంత శాస్త్రం. సర్కారు పుస్తకాల్లో దానికి ఇంకా పెద్ద చోటు దక్కాలి.

పేడ దగ్గర ఇంకో చిక్కు ఉంది. 200 లీటర్ల ద్రవ జీవామృతానికి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు పుట్టమట్టి కావాలి. ఇది పెద్ద లెక్కేం కాదు. కానీ ఘన జీవామృతం ఎకరాకు వందల కిలోలు కావాలి. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దుల జతలు పోయాయి. మేత లేక ఆవులూ తగ్గాయి. పశువు లేని ఇంటికి పేడ ఎక్కడిది?

ఇక్కడ మన పాఠకుల మనసులో ఉన్న ఒక మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. ప్రకృతి సేద్యం పేరు వినగానే కొందరు దాన్ని ఆవు రాజకీయంతో కలిపేస్తారు. దేశంలో కొన్నిచోట్ల ఆ రంగు పులుముతున్నదీ నిజమే. దాంతో ముస్లిం రైతు ఇది మనది కాదేమో అని పక్కకు జరిగే ప్రమాదం ఉంది. అలా జరగనక్కర్లేదు. నేలలో సూక్ష్మజీవులకు మతం లేదు. పేడ ఎవరి దొడ్లోదైనా పేడే. బర్రె పేడ, గొర్రెల ఎరువు, మేకల ఎరువు కూడా నేలకు బలమే. పైగా రైతు పశువును పోషించాలంటే ముసలిదైన పశువును సంతలో భయం లేకుండా అమ్ముకునే దారి కూడా ఉండాలి. అమ్ముకోలేని పశువును ఏ పేద రైతూ కొనడు. పశువులు తగ్గితే పేడ తగ్గుతుంది, పేడ తగ్గితే ఈ సేద్యమే కుంటుపడుతుంది. ఆవు పేరుతో సంతల్లో భయం పెంచేవాళ్ళు తెలిసో తెలియకో ప్రకృతి సేద్యానికే అడ్డం పడుతున్నారు.

కౌలు రైతు ఎందుకు చేయాలి?

అన్నిటికంటే కఠినమైన ప్రశ్న ఇది. నేల బాగుపడటానికి రెండు మూడేళ్ళు పడుతుంది. కౌలు చూస్తే ఏడాదికి. ఈ ఏడు నేను పచ్చిరొట్ట వేసి, చెరువు మట్టి తోలి నేలను బాగుచేస్తే వచ్చే ఏడు యజమాని కౌలు పెంచుతాడు, లేదా ఇంకొకరికి ఇస్తాడు. మరి నేనెందుకు కష్టపడాలి? యూరియా బస్తా వేస్తే ఈ ఏడు పంట ఈ ఏడే చేతికి వస్తుంది. కౌలు రైతు లెక్కలో తప్పేమీ లేదు.

2019లో రాష్ట్రం పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. కార్డు 11 నెలలకు ఇస్తారు. దానికి భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతారేమోనని యజమానులు వెనక్కి తగ్గుతారు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు కష్టం, పంట నష్ట పరిహారమూ కష్టమే.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లాలో ముస్లింలు 16 శాతం పైనే. అయితే మిగతా వర్గాలతో పోలిస్తే సేద్యంలో ముస్లింల వాటా తక్కువని దేశం మొత్తం మీద సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. పల్లెల్లో ఉన్న ముస్లిం, దూదేకుల కుటుంబాల్లో కౌలు చేసేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, జీవాలు పెంచుకునేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. అంటే ఈ కార్యక్రమం భూమి ఉన్నవాళ్ళ కార్యక్రమంగా మిగిలితే మనవాళ్ళు బయటే ఉంటారు. ఇది ఒక్క ముస్లింల బాధ కాదు. దళిత, బీసీ కౌలుదారులందరిదీ ఇదే కథ.

ఊళ్ళో పని చేయించేది మహిళా సంఘాలే కాబట్టి ఇంకో సంగతి చూడాలి. కషాయాలు కాచడం, విత్తన గుళికలు చుట్టడం, కలుపు తీయడం ఇదంతా ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీదుగానే జరుగుతుంది. ఖర్చు తగ్గిందని మనం లెక్క రాస్తాం. ఆ తగ్గిన ఖర్చులో ఎంత భాగం ఆమె కూలి లేని శ్రమ అయిందో కూడా రాయాలి.

నీళ్ళ లెక్క నేర్పిన పాఠం

ఊరు కలిసి లెక్క వేసుకుంటే ఏమవుతుందో మన ప్రాంతం ఇదివరకే చూసింది. 2003 తర్వాత కర్నూలు, కడప, అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్దతుతో రైతుల భూగర్భ జల నిర్వహణ ప్రాజెక్టు నడిచింది. 600కు పైగా ఊళ్ళలో రైతులే వాన కొలిచారు, బోరుబావుల్లో నీటి మట్టం కొలిచారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఈ ఏడు ఊరికి ఇన్ని నీళ్ళున్నాయి, ఏ పంట వేద్దామని మాట్లాడుకున్నారు. ఎవరి మీదా నిషేధం లేదు, సబ్సిడీ ఆశా లేదు. అయినా చాలా ఊళ్ళలో నీళ్ళు తాగే పంటలు తగ్గాయని 2010లో ప్రపంచ బ్యాంకు అధ్యయనం చెప్పింది.

తర్వాత ప్రాజెక్టు అయిపోయింది. నిధులు ఆగాక ఆ ఊపు నిలవలేదని తర్వాత వెళ్ళి చూసినవాళ్ళు రాశారు. ఇందులో రెండు పాఠాలున్నాయి. చదువు లేని రైతు లెక్క వేసుకోలేడన్నది అబద్ధం. కానీ లెక్క రాసే మనిషికి జీతం, కూర్చునే చోటు, అడిగే సంఘం లేకపోతే ఆ పుస్తకం మూలన పడుతుంది. ఈ రోజు ప్రకృతి సేద్యం నేర్పేది ఊళ్ళోని అనుభవమున్న రైతులే. వాళ్ళ గౌరవ వేతనం ప్రాజెక్టు నిధుల మీద ఆధారపడి ఉంది. ఆ నిధులు ఆగిన రోజు ఏమవుతుందన్నది ఇప్పుడే ఆలోచించాలి.

2023 సెప్టెంబర్‌లో కృష్ణగిరి మండలం లక్కసాగరం దగ్గర హంద్రీ-నీవా నీళ్ళతో డోన్, పత్తికొండ నియోజకవర్గాల చెరువులు నింపే ఎత్తిపోతల పథకాన్ని ప్రారంభించారు. నీళ్ళు వస్తే సంతోషమే. కానీ నీళ్ళు రాగానే అందరూ కొత్త బోర్లు వేసి ఒకే పంట వేస్తే ఆ సంతోషం నాలుగేళ్ళ ముచ్చట. చెరువు నిండిన ఊరికి నీటి లెక్క ఇంకా ఎక్కువ అవసరం.

విమర్శను కూడా వినాలి

2019 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి జీరో బడ్జెట్ సేద్యాన్ని ప్రస్తావించాక, దీనికి తగిన శాస్త్రీయ రుజువు లేదని జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ అభ్యంతరం చెప్పింది. వేల కిలోల పంట తీసుకుంటే నేలకు అంత పోషకం ఎక్కడి నుంచి వస్తుందన్నది న్యాయమైన ప్రశ్న. పప్పుజాతి పంటలు గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తాయి, నేల కప్పి ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి అన్నది ప్రకృతి సేద్యం ఇచ్చే జవాబు. నీళ్ళు పుష్కలంగా ఉన్న డెల్టాలో వరి దిగుబడికి ఈ జవాబు ఎంతవరకు సరిపోతుందన్నది ఒక చర్చ. డోన్ మెట్టలో చర్చ వేరు. ఇక్కడ రైతును ముంచేది దిగుబడి నాలుగు బస్తాలు తగ్గడం కంటే అప్పు చేసి పెట్టిన పెట్టుబడి మొత్తం పోవడం. ఖర్చు తగ్గించి, ఒక పంట పోయినా ఇంకొకటి మిగిలేలా చేసే సేద్యం ఈ నేలకు సరిపోతుంది.

తొందరపాటు ఎంత ప్రమాదమో శ్రీలంక చూపించింది. 2021 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. వరి, తేయాకు దెబ్బతిన్నాయి, రైతులు రోడ్డెక్కారు. నవంబర్‌కల్లా వెనక్కి తగ్గింది. పైనుంచి హుకుం జారీ చేస్తే నేల మారదు. రైతు తన పొలంలో అర ఎకరంలో చేసి చూసి, పక్కవాడికి చూపించి, తర్వాత ఎకరం చేయాలి. ఇందులో నిదానమే ప్రధానం.

మనం ఏం చేయగలం?

ఒకటి, భూమి. మన మసీదులకు, దర్గాలకు, అంజుమన్‌లకు ఇనాం, వక్ఫ్ సాగు భూములు ఉన్నచోట వాటిని ఎక్కువ కౌలు పాడినవాడికి ఇచ్చేసి చేతులు దులుపుకోవడం అలవాటైపోయింది. నిబంధనలు ఒప్పుకునే గరిష్ఠ కాలానికి, నేలను బాగుచేస్తానని మాట ఇచ్చిన పేద కౌలుదారుకు ఇస్తే వక్ఫ్ ఆస్తీ బాగుపడుతుంది, మనిషీ బాగుపడతాడు.

రెండు, విత్తనం. ఉష్ర్ మన దీన్‌లో పంట మీద జకాత్. వాన నీటితో పండితే పదో వంతు, ఖర్చు పెట్టి నీళ్ళు పెడితే ఇరవయ్యో వంతు. రైతు పెట్టిన శ్రమకూ ఖర్చుకూ ఎంత న్యాయమైన లెక్క! ఇప్పుడు ఉష్ర్ తీసేవాళ్ళే తక్కువ. ఊళ్ళో తీసిన ఆ ధాన్యంలో కొంత, జొన్న, కొర్ర, కంది విత్తనంగా అర్హులైన పేద రైతు చేతిలో పెట్టగలిగితే తొలకరి అప్పు తప్పుతుంది. ఫిఖ్ వివరాలు ఉలమాలు చెప్పాలి. కానీ అడగాల్సింది మనమే.

మూడు, కొనుగోలు. తిరుమల తిరుపతి దేవస్థానం ప్రసాదాలకు ప్రకృతి సేద్యం దినుసులు కొనడానికి ముందుకొచ్చింది. అనంతపురం ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ ఏర్పాటు చేసిన ధరణి రైతుల సహకార సంఘం చిరుధాన్యాలు, బుడ్డలు కొని, శుద్ధి చేసి, సొంత పేరుతో అమ్ముతోంది. కర్నూలు, నంద్యాల, డోన్‌లలో మన మదర్సాలు, యతీంఖానాలు, హాస్టళ్ళు ఎన్ని క్వింటాళ్ళ పప్పు, నూనె, జొన్నలు కొంటాయో ఒకసారి లెక్క వేయండి. అందులో పదో వంతు చుట్టుపక్కల ఊళ్ళ సంఘం దగ్గర కొన్నా ఆ సంఘానికి ధైర్యం వస్తుంది. జొన్న రొట్టె, జవార్ కీ రోటీ, పేరేదైనా ఈ సీమలో అందరి పళ్ళెంలోదీ అదే కదా.

నాలుగు, కూర్చోవడం. గ్రామ సంఘం సమావేశాల్లో ముస్లిం, దూదేకుల ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడండి. తక్కువ ఉంటే అది వాళ్ళ తప్పు కాదు. సమయం, చోటు, పిలిచే తీరు మారాలి. పీర్ల పండుగకు కులం, మతం చూడకుండా ఊరంతా చందా వేసుకునే ప్రాంతం మనది. అదే ఊరు వేసవి మేత గురించి, చెరువు మట్టి గురించి ఒక సాయంత్రం కూర్చోలేదా?

అవార్డు వచ్చింది, మిషన్ వచ్చింది, నిధులు కూడా వస్తాయి. అధికారుల లెక్కల్లో డోన్ మండలంలో ఇన్ని ఎకరాలు అని ఒక అంకె కూడా చేరుతుంది. కానీ అసలు లెక్క తేలేది వచ్చే వేసవిలో. మాఘం పోయి ఎండలు ముదరక ముందే రచ్చబండ దగ్గర ఊరు కూర్చుని, ఈ వైపు వంద ఎకరాలు విత్తుతాం, ఆ వైపు జీవాలకు వదులుతాం, కోసిన మేతలో మీకూ వాటా ఇస్తాం అని ఒక్క మాట మీదికి వస్తే ఎర్ర నేల పచ్చబడుతుంది. ఆ మాట ఇవ్వగలిగింది ఊరొక్కటే.